డ్యాష్‌బోర్డు మీద తాబేలు: ఎలక్ట్రిక్ కారు మొరాయించిన రాత్రి

వాల్డార్ఫ్ నుంచి మాట్లాడుతున్నాను. వినడానికి వీలుపడని వాళ్ళ కోసం ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్‌లో మాట్లాడినదంతా ఇక్కడ రాసి పెడుతున్నాం. నేను తడబడిన చోట్లు మాత్రం సర్దాను, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాను.

ఈ మధ్య ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న. "అన్నా, ఎలక్ట్రిక్ కారు తీసుకోమంటావా, వద్దంటావా? తగలబడిపోతాయంట కదా?" ఇక్కడ జర్మనీలో మనవాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకు వస్తుందంటే, కంపెనీ కారు తీసుకుంటే పన్ను లెక్క అలా ఉంది మరి. పెట్రోలు, డీజిలు కారైతే నెలకి దాని లిస్టు ధరలో 1 శాతం మన ఆదాయంలో కలిపి పన్ను వేస్తారు. ఒక పరిమితి లోపు ధర ఉన్న ఎలక్ట్రిక్ కారైతే 0.25 శాతమే కలుపుతారు. ఆ పరిమితి 2025 జులై నుంచి లక్ష యూరోలు. ఇంత తేడా ఉంటే ఎవరైనా ఎటు మొగ్గుతారు? నేనూ అటే మొగ్గాను.

నా కారు ఏ కంపెనీదో, ఏ షెడ్డులో బాగుచేయించానో చెప్పను. ఇవాళ చెప్పేది ఒక కంపెనీ మీద ఫిర్యాదు కాదు. తప్పు సగం బండిది, సగం నాది. ఆ నా సగం గురించి చెప్పాలనే ఈ ఎపిసోడ్.

జనవరి నెల. మా ఆవిడకి రెండో కాన్పు, ఇంకో రెండు వారాలే ఉంది. సాయంగా ఉంటారని అమ్మానాన్నల్ని పిలిపించాం. సాయంత్రం ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయానికి వెళ్ళి వాళ్ళని ఎక్కించుకున్నాను. నాలుగు పెట్టెలు, వాటిలో ఒకదాని నిండా పచ్చళ్ళు, పొడులు. ఏ5 ఆటోబాన్ మీద దక్షిణంగా వస్తున్నాం. డార్మ్‌స్టాట్ దాటింది, హెప్పెన్‌హైమ్ దాటింది. బయట చలి సున్నా దగ్గర. బ్యాటరీ 61 శాతం చూపిస్తోంది. ఇంటికి ఇంకా 40 కిలోమీటర్లు కూడా లేదు. దిగులు పడాల్సిన పనేమీ లేదు.

ఉన్నట్టుండి స్క్రీన్ మీద పసుపు రంగులో తాబేలు బొమ్మ వచ్చింది. నిజంగానే తాబేలు. శక్తి తగ్గించాను, మెల్లగానే పోగలను అని బండి చెప్పే గుర్తు అది. యాక్సిలరేటర్ తొక్కుతున్నాను, వేగం పడిపోతూనే ఉంది. 120 నుంచి 90, ఆ తర్వాత 60. వెనకాల లారీ హెడ్‌లైట్లు కొడుతున్నాడు. ఇండికేటర్ వేసి కుడి పక్కన అత్యవసర దారిలోకి లాగాను. అక్కడ బండి ఆగింది. మళ్ళీ కదల్లేదు.

నాన్న వెనక నుంచి "ఏంట్రా, ఆపావు?" అన్నారు. "చార్జింగ్ అయిపోయిందా?"

"లేదు నాన్నా, 61 ఉంది."

"61 ఉంటే ఎందుకు ఆగింది?"

ఆ ప్రశ్నకి ఆ క్షణంలో నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది, కాసేపట్లో చెప్తాను. ముందు ఆటోబాన్ మీద బండి ఆగితే ఏం చేయాలో చెప్పాలి, ఎందుకంటే ఆ రాత్రి మేము క్షేమంగా ఉన్నది దానివల్లే.

హజార్డ్ లైట్లు వేయాలి. మెరిసే చొక్కా తొడుక్కోవాలి. జర్మనీలో కారులో కనీసం ఒక చొక్కా, ఒక హెచ్చరిక త్రికోణం ఉండి తీరాలని చట్టం. అందరూ కుడి పక్క తలుపుల నుంచే దిగి, రోడ్డు పక్కన ఇనప కంచె దాటి అవతల నిలబడాలి. కారులో కూర్చోకూడదు, కారు వెనక అసలు నిలబడకూడదు. త్రికోణాన్ని కంచె అవతల నుంచే వెనక్కి నడిచి వెళ్ళి, ఆటోబాన్ మీదైతే 150 మీటర్ల దూరంలో పెట్టమంటారు. ఫోన్ లేకపోతే రోడ్డు పక్కన దాదాపు రెండు కిలోమీటర్లకొకటి నారింజ రంగు అత్యవసర ఫోన్ స్తంభాలుంటాయి. దగ్గరిది ఎటుందో తెల్ల గుంజల మీద చిన్న బాణం గుర్తు చూపిస్తుంది. ప్రమాదం ఉంటే 112.

నాన్న దిగగానే డిక్కీ వైపు వెళ్ళారు, సామాను తీద్దామని. "నాన్నా, సామాను పోతే పోనీయండి, ముందు కంచె దాటండి" అని గట్టిగా అరిచాను. జీవితంలో ఆయన మీద అలా అరవడం అదే మొదటిసారి. అమ్మకి మోకాళ్ళ నొప్పి. కంచె దాటలేకపోతే ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని దాటించాం. దిగీ దిగగానే కొడుకు మమ్మల్ని చలిలో గడ్డిలో నిలబెట్టాడని ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెప్తుంది. ఆ రాత్రి మాత్రం నవ్వలేదు. 'ఈ బండిలోనే కదా కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్ళేది' అని ఒక్క మాట అంది. నా బుర్రలోనూ అదే తిరుగుతోంది.

గంటా పది నిమిషాలకి ఏడీఏసీ మెకానిక్ వచ్చాడు. పసుపు బండి, పసుపు దుస్తులు. వీళ్ళని ఇక్కడ 'పసుపు దేవదూతలు' అంటారు, ఊరికే అనరు. ముందున్న మూత తీసి చిన్న బ్యాటరీకి మీటరు పెట్టాడు. 9 వోల్టులు చూపించింది. బయటి నుంచి కరెంటు ఇస్తే బండి మేల్కొంది. కానీ తన బ్యాటరీని తాను నింపుకోవడం లేదు, మీటరు మెల్లగా కిందికే జారుతోంది. "పెద్ద బ్యాటరీ బాగానే ఉంది, ఇది చచ్చిపోయింది, దీన్ని నింపాల్సింది పనిచేయడం లేదు" అన్నాడు. బండిని లాక్కుపోకుండా, ఎత్తి లారీ మీద పెట్టుకుని తీసుకెళ్ళాడు. ఎలక్ట్రిక్ కార్లను అలాగే తీసుకెళ్ళాలి. చక్రాలు నేల మీద తిరుగుతూ ఉంటే మోటారు కూడా తిరిగి కరెంటు పుట్టిస్తుంది, దాంతో లోపలి భాగాలు పాడవచ్చు. వీస్‌లోఖ్‌లో ఉండే స్నేహితుడొకడు వచ్చి అమ్మానాన్నల్ని ఇంటికి చేర్చాడు.

ఇక నాన్న ప్రశ్నకి వద్దాం. 61 శాతం ఉంటే ఎందుకు ఆగింది?

ఎలక్ట్రిక్ కారులో రెండు బ్యాటరీలుంటాయి. మనందరం మాట్లాడుకునేది నేల కింద పరిచి ఉండే పెద్ద బ్యాటరీ, దాదాపు 400 వోల్టులది, కొన్నిట్లో 800. ఇంకోటి పాత కార్లలో ఉండేలాంటిదే, 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీ కరెంటు ఇన్వర్టర్‌లోకి, అక్కడి నుంచి మోటారుకి, మోటారు నుంచి గేరు పెట్టె ద్వారా చక్రాలకి వెళ్తుంది. దీన్నంతా కలిపి డ్రైవ్‌ట్రెయిన్ అంటారు. కానీ పెద్ద బ్యాటరీ నుంచి కరెంటు బయటికి రావాలంటే దాని ముఖద్వారంలో ఉన్న కాంటాక్టర్ అనే స్విచ్చులు మూసుకోవాలి. ఆ స్విచ్చుల్ని నడిపేది చిన్న బ్యాటరీ. కంప్యూటర్లు, లైట్లు, తలుపుల తాళాలు, స్క్రీన్, అన్నీ దాని మీదే. గాదె నిండా ధాన్యం ఉంది, తాళంచెవి మాత్రం పోయింది. మా పరిస్థితి అదీ.

పెట్రోలు కారులో చిన్న బ్యాటరీని ఆల్టర్నేటర్ నింపుతుంది. ఎలక్ట్రిక్ కారులో ఆల్టర్నేటర్ ఉండదు, డీసీ-డీసీ కన్వర్టర్ అనే పెట్టె ఉంటుంది. అది పెద్ద బ్యాటరీ వోల్టేజీని 14 వోల్టుల దాకా దించి చిన్నదానికి పోస్తుంది. అది చెడితే చిన్న బ్యాటరీ కొంతసేపు లాగి, తర్వాత చేతులెత్తేస్తుంది. కారు ముందు తాబేలవుతుంది, ఆ తర్వాత రాయి.

ఇది నా ఒక్కడి దురదృష్టం అనుకోకండి. నా కారు వాళ్ళది కాదు గానీ, హ్యుందాయ్, కియా కార్లలో ఇలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది. వాటిలో చార్జర్‌నీ ఈ కన్వర్టర్‌నీ కలిపి ఐసీసీయూ అనే ఒకే పెట్టెలో పెట్టారు. అది దెబ్బతింటే 12 వోల్టుల బ్యాటరీ నిండదు, నడుస్తూ నడుస్తూ బండి శక్తి కోల్పోతుంది. 2024 మార్చిలో అమెరికాలో హ్యుందాయ్, జెనెసిస్ కార్లు దాదాపు 1,47,000, కియా ఈవీ6లు 48,000 పైన వెనక్కి పిలిచారు. అదే ఏడాది ఇండియాలో 1,744 ఐయోనిక్ 5లు, 1,138 ఈవీ6లు పిలిచారు. నవంబరులో అమెరికాలో అదే సమస్యకి హ్యుందాయ్ ఇంకోసారి పిలవాల్సి వచ్చింది. కాబట్టి 'మా కారుకి ఒకసారి రీకాల్ అయిపోయింది' అని నిశ్చింతగా ఉండకూడదు. రెండోసారి కూడా చూసుకోవాలి.

తలుపుల సంగతి ఇంకా ముఖ్యం. 2025 సెప్టెంబరులో అమెరికా రహదారి భద్రతా సంస్థ 2021 నాటి టెస్లా మోడల్ వై కార్లు దాదాపు 1,74,000 వాటి మీద విచారణ మొదలుపెట్టింది. తాళాలకి తగినంత వోల్టేజీ అందక బయటి హ్యాండిళ్ళు పనిచేయలేదని ఫిర్యాదులు. పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టి బయటికి దిగిన తల్లిదండ్రులు మళ్ళీ తలుపు తెరవలేకపోయారు. కొందరు అద్దం పగలగొట్టి తీశారు. ఇదీ చిన్న బ్యాటరీ కథే. అందుకే ఒక పని చెప్తాను, ఈ ఎపిసోడ్ అయ్యాక కిందికి దిగి చేయండి. మీ కారులో కరెంటు లేకుండా తలుపు తెరిచే మీట ఎక్కడుందో వెతకండి. ముందు సీట్లకి ఒకచోట ఉంటుంది, వెనక సీట్లకి వేరేచోట ఉండొచ్చు, ఒక్కోసారి చాప కిందో, డోరు జేబు అడుగునో ఉంటుంది. మీరు నేర్చుకోండి, ఇంట్లోవాళ్ళకి చూపించండి. చొక్కాలు డిక్కీలో కాదు, డోరు జేబులో పెట్టండి. కరెంటు పోతే డిక్కీ కూడా తెరుచుకోకపోవచ్చు.

ఇప్పుడు నా సగం తప్పు.

ఆ తాబేలు రావడానికి మూడు వారాల ముందే బండి నాకు చెప్పింది. ఉదయం స్టార్ట్ చేసినప్పుడు స్క్రీన్ మీద ఒక వాక్యం వచ్చింది. జర్మన్‌లో ఉంది. భాష వస్తుందిలే అని నేనే కారు భాష జర్మన్‌లో పెట్టుకున్నాను. అందులో 'బ్యాటరీ' అర్థమైంది, 'వెర్క్‌ష్టాట్' అంటే షెడ్డు అని అర్థమైంది. సర్వీసు టైమ్ వచ్చిందేమో అనుకుని ఓకే నొక్కాను. వారం తర్వాత మళ్ళీ వచ్చింది. మళ్ళీ ఓకే. మూడోసారి షెడ్డుకి ఫోన్ చేశాను. అవతలి ఆయన గబగబా ఏదో అన్నాడు. సగం అర్థమైంది, సగం కాలేదు. "ఇప్పుడు వెలుగుతోందా?" అని అడిగినట్టున్నాడు. లేదన్నాను. "అయితే ఏం లేదు" అన్నాడు. "డాంకె" అని పెట్టేశాను. ఇంకోసారి చెప్పమని అడగడానికి మొహమాటం. పదేళ్ళుగా కంప్యూటర్లలో తప్పులు వెతికే ఉద్యోగం చేస్తున్నాను. ఆఫీసులో ఒక హెచ్చరిక మూడుసార్లు వస్తే కారణం తేలేదాకా వదలను. నా పిల్లలు ఎక్కే బండిలో వస్తే ఓకే నొక్కాను.

ఇది నాలాంటి చాలామంది చేసే పనే అని తర్వాత తెలిసింది. పరాయి భాషలో గొడవపడలేం. వాళ్ళ దేశం, వాళ్ళ బండి, వాళ్ళకే తెలుసులే అనుకుంటాం. డబ్బు మనది, ప్రాణం మనది అన్న సంగతి అప్పుడు గుర్తు రాదు.

షెడ్డులో ఏం జరిగిందో కూడా చెప్పాలి. మొదట చిన్న బ్యాటరీ మార్చి ఇచ్చేశారు. నాలుగో రోజు మళ్ళీ అదే హెచ్చరిక. రెండోసారి సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఆరో రోజు మళ్ళీ. అప్పుడు ఆఫీసులో ఒక జర్మన్ సహోద్యోగి నాకు ఒకే ఒక్క మాట చెప్పింది. "ఫోన్ చేయకు, రాయి."

రాశాను. ఏ తేదీన, ఎన్ని కిలోమీటర్ల దగ్గర, ఏ హెచ్చరిక వచ్చింది, వాళ్ళు ఏ రోజు ఏం చేశారు, అన్నీ ఒక పేజీలో. స్క్రీన్ ఫోటోలు జతచేశాను. రెండు వారాల గడువు పెట్టి, ఆ లోపు లోపం సరిచేయండి, అప్పటిదాకా తిరగడానికి బండి ఇవ్వండి అని అడిగాను. భాష ఆమె దిద్దిపెట్టింది. మూడో రోజు జవాబొచ్చింది. కన్వర్టర్ మార్చారు. ఆ భాగం రావడానికి అయిదు వారాలు పట్టింది, ఈలోపు వాళ్ళిచ్చిన బండిలో తిరిగాను. అదే మనుషులు, అదే షెడ్డు. ఫోన్‌లో చెప్పింది గాలిలో పోయింది, రాసింది ఫైలులో ఉంది. తేడా అంతే.

జర్మనీలో ఉన్నవాళ్ళు రెండు మాటల తేడా తెలుసుకోవాలి. 'గరాంటీ' అంటే కంపెనీ తనంతట తాను ఇచ్చే హామీ. పెద్ద బ్యాటరీకి మామూలుగా 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు ఇస్తారు, 70 శాతం సామర్థ్యం తగ్గకుండా. మిగతా భాగాలకి ఎంతో కాగితం చదివి చూసుకోవాలి. 'గెవేర్‌లైస్టుంగ్' అంటే చట్టం ప్రకారం అమ్మినవాడి బాధ్యత. కొత్త కారుకి రెండేళ్ళు. పాత కారైతే డీలర్ దాన్ని ఒప్పందంలో స్పష్టంగా రాసి ఒక ఏడాదికి తగ్గించుకోవచ్చు. 2022 జనవరి నుంచి కొన్న వాటికి మొదటి ఏడాదిలో లోపం బయటపడితే, అది అమ్మేనాటికే ఉన్నట్టు భావిస్తారు. లేదని నిరూపించుకోవాల్సింది డీలరే. ముందు బాగుచేసే అవకాశం వాళ్ళకివ్వాలి. సాధారణంగా రెండుసార్లు ప్రయత్నించి విఫలమైతే ధర తగ్గించమనో, ఒప్పందం రద్దు చేయమనో అడగొచ్చు. లీజు కారైతే ఈ హక్కులు మామూలుగా మీ చేతికే బదిలీ చేసి ఉంటారు, ఒప్పందం చూడండి. కంపెనీ కారైతే మీ ఫ్లీట్ విభాగానికి ఆ రోజే రాయండి. నేను లాయర్ని కాదు, పెద్ద తగాదా అయితే న్యాయ సలహా తీసుకోండి.

ఇంకో సంగతి. రీకాల్ అంటే ఇక్కడ 'రూక్‌రూఫ్'. ఆ ఉత్తరం ఇంటికొస్తే ప్రకటన అనుకుని చెత్తబుట్టలో వేయకండి. ఫ్లెన్స్‌బుర్గ్‌లో ఉండే కేబీఏ, అంటే కేంద్ర వాహన కార్యాలయం పర్యవేక్షణలో జరిగే భద్రతా రీకాల్‌కి వెళ్ళకపోతే చివరికి బండి రోడ్డెక్కకుండా ఆపగలరు. వాళ్ళ వెబ్‌సైట్‌లో రీకాల్స్ జాబితా ఉంది. భద్రతకి సంబంధించిన లోపాన్ని మీరు కూడా వాళ్ళకి తెలియజేయొచ్చు.

"ఇంతకీ తగలబడతాయా లేదా?" అని మీరు అడగబోతున్నారని తెలుసు.

తగలబడతాయి, కానీ అరుదుగా. 2021లో షెవ్రొలే బోల్ట్ కార్లన్నీ, దాదాపు 1,42,000, బ్యాటరీ సెల్స్ తయారీలో లోపం వల్ల వెనక్కి పిలిచారు. హ్యుందాయ్ కోనాలూ, మరికొన్నీ కలిపి ప్రపంచమంతా 82,000. 2024 ఆగస్టు 1న దక్షిణ కొరియాలోని ఇంచన్‌లో ఒక అపార్ట్‌మెంట్ నేలమాళిగలో ఆగి ఉన్న మెర్సిడెస్ ఎలక్ట్రిక్ కారుకి నిప్పంటుకుని, పక్కనున్న వందల కార్లు మంటలకో, పొగకో దెబ్బతిన్నాయి. అక్కడ స్ప్రింక్లర్లు పనిచేయకుండా ఆపేశారని విచారణలో తేలింది. ఇవన్నీ నిజాలే. స్వీడన్ లెక్క కూడా చూడండి. 2022లో అక్కడ 6,11,000 విద్యుత్, హైబ్రిడ్ వాహనాల్లో 23 మంటలు. 44 లక్షల పెట్రోలు, డీజిలు బళ్ళలో 3,400. ఎలక్ట్రిక్ బళ్ళు సగటున కొత్తవి కాబట్టి ఈ పోలిక పూర్తిగా సమానం కాదు. అయినా తేడా పెద్దదే.

ఆగిపోవడం లెక్కేమిటంటే, ఏడీఏసీ 2024లో తాము వెళ్ళిన కేసులు చూస్తే, రెండు నుంచి నాలుగేళ్ళ వయసున్న ఎలక్ట్రిక్ కార్లలో వెయ్యికి 4.2 ఆగాయి, ఇంజను కార్లలో 10.4. రెండిట్లోనూ మొదటి కారణం 12 వోల్టుల బ్యాటరీయే. అంటే మనం భయపడేది పెద్ద బ్యాటరీకి, రోడ్డు మీద నిలబెట్టేది చిన్న బ్యాటరీ.

ఎలక్ట్రిక్ కారైతే సర్వీసే అక్కర్లేదనే మాట కూడా నమ్మకండి. వేగం తగ్గించడం చాలావరకు మోటారే చేస్తుంది కాబట్టి బ్రేకు డిస్కులు వాడకం లేక తుప్పు పడతాయి. 2023 నవంబరులో వచ్చిన ట్యూఫ్ నివేదికలో రెండు, మూడేళ్ళ వయసు కార్లలో టెస్లా మోడల్ 3 అట్టడుగున నిలిచింది. వాటిలో 14.7 శాతానికి పెద్ద లోపాలు. బ్రేకులు, లైట్లు, ఇరుసు భాగాలు. మోటారు కాదు. అప్పుడప్పుడు ఖాళీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, గట్టిగా బ్రేకు తొక్కితే డిస్కు శుభ్రపడుతుంది. వేగంతో పాటు పెరిగే కూత గానీ, రుబ్బుతున్నట్టు శబ్దం గానీ మోటారు దగ్గర వినిపిస్తే అది బేరింగో, గేరు పెట్టో కావచ్చు. ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. షెడ్డుకి వెళ్ళగానే శబ్దం ఆగిపోవడం అన్ని దేశాల బళ్ళ లక్షణం. ఇన్సులేషన్ లోపం అనో, హై వోల్టేజీ వ్యవస్థ అనో ఎర్ర అక్షరాల్లో వస్తే ఇంటికెళ్ళి చూద్దాం అనుకోకండి. ఆపండి, దిగండి, ఫోన్ చేయండి. నారింజ రంగు వైర్లని ఎప్పుడూ ముట్టుకోకండి.

చివరగా, మన ఊళ్ళ సంగతి. దుబాయ్, దోహా, మస్కట్ నుంచి వినేవాళ్ళు చాలామంది నాతో అంటారు, "అన్నా, మాకు కారెక్కడిది, ఊళ్ళో నాన్నకి స్కూటర్ కొనిచ్చాం" అని. అసలు ప్రాణాలు పోయింది అక్కడే.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. అదే వారంలో విజయవాడలో పడకగదిలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీ పేలి ఇంటాయన చనిపోయారు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటల పొగ పైకెక్కి 8 మంది పోయారు. ఆ ఏడాదే ప్రభుత్వం ఏఐఎస్-156 అనే భద్రతా ప్రమాణాన్ని బిగించింది. ఒక సెల్ వేడెక్కితే పక్కవాటికి పాకకుండా, పాకేలోగా హెచ్చరించేలా పరీక్షలు పెట్టింది. 2022 డిసెంబరు 1 నుంచి మొదటి విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకొచ్చాయి.

ఈ మధ్య మా బావ ఫోన్ చేసి, నాన్నకి స్కూటర్ చూస్తున్నా, పాతది సగం ధరకే వస్తోంది అన్నాడు. "బావా, ఏ సంవత్సరం తయారీ?" అని అడిగాను. 2022 మొదట్లోదట. "డబ్బు నేను పంపుతాను, ఆ తేదీ తర్వాత తయారైంది కొత్తది కొను" అన్నాను. ఇంకో నాలుగు మాటలు చెప్పాను, మీరూ మీ వాళ్ళకి చెప్పండి. బ్యాటరీ పడకగదిలో, గుమ్మం దగ్గర, మెట్ల కింద చార్జింగ్ పెట్టొద్దు. మంట వస్తే దారి మూసుకుపోతుంది. రాత్రి అందరూ పడుకున్నాక వద్దు. దానితో వచ్చిన చార్జరే వాడాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు వద్దు. ఎండలో తిరిగొచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి పెట్టాలి. ఉబ్బినా, వాసన వచ్చినా, నీళ్ళలో మునిగినా మళ్ళీ చార్జింగ్ పెట్టొద్దు, బయట ఆరుబయట పెట్టి షోరూంకి ఫోన్ చేయాలి. బావ అన్నీ విని, "పడకగదిలోనే ప్లగ్గు ఉంది బావా" అన్నాడు. అయితే ముందు వరండాలో ప్లగ్గు పెట్టించు, తర్వాతే స్కూటర్ అన్నాను. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాడు.

అడిగినవాళ్ళకి నా జవాబు ఇది. ఎలక్ట్రిక్ కారు తీసుకోండి, నేనూ అదే నడుపుతున్నాను. కానీ స్క్రీన్ మీద వాక్యం అర్థం కాకపోతే ఓకే నొక్కకండి. ఫోటో తీయండి, ఫోన్‌లో అనువదించుకోండి, షెడ్డుకి రాయండి. కారు భాషని తెలిసిన భాషలోకి మార్చుకోండి. జర్మన్ నేర్చుకోవడానికి వేరే చోట్లున్నాయి.

మా ఆవిడ కాన్పు సంగతి అడుగుతారని ముందే చెప్తున్నా. అర్ధరాత్రి నొప్పులు మొదలైతే మా పక్కింటాయన పాత డీజిలు బండిలో హైడెల్‌బర్గ్ ఆసుపత్రికి వెళ్ళాం. బాబు. ఇద్దరూ క్షేమం. కంచె పక్కన చలిలో నిలబడిన కథ అమ్మ వాడికి జోలపాటకి బదులు చెప్తోంది.

మీ బండిలో ఇలాంటివి జరిగితే వాయిస్ మెసేజ్ పంపండి. ఏ దేశంలో ఉన్నారో, షెడ్డువాళ్ళు ఏమన్నారో, మీరేం చేశారో చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో వాటి గురించి మాట్లాడుకుందాం. జాగ్రత్తగా నడపండి. ఉంటాను.